దొరల తోటలో జాగా

చిత్తూరులో దొరల తోట అనగానే కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళు మామిడితోట అనుకుని, ఈ ఏడు కాపెలా ఉంది అని అడుగుతారు. అందులో కాసేదేమీ లేదు. కోర్టు వెనక వీధిలో ఛాతీ ఎత్తు రాతిగోడ, గోడ లోపల నలభై మూడు సమాధులు, ఆరు కానుగ చెట్లు, గేటు పక్కన ఒక పెంకుల గది, ఆ గదిలో సంతోషమ్మ. నలభై ముగ్గురూ ఓడెక్కి వచ్చి తిరిగి ఓడెక్కలేని వాళ్ళేనని ఊరి లెక్క. పాళెగాళ్ళ మీదికి పోయి గుర్రం మీదనుంచి పడి చనిపోయిన లెఫ్టినెంటు ఒకడు. గొలుసు పట్టి కొండలు కొలవడానికి వచ్చి జ్వరంతో పోయిన సర్వే దొర ఒకడు. వాంతిబేది ముదిరిన ఏట ఇల్లిల్లూ తిరిగి మందు పోసి, చివరికి దానికే చిక్కిన డాక్టరు ఒకడు. పదకొండేళ్ళు జడ్జీగిరీ చేసి కోర్టు మెట్ల మీదే ఒరిగిపోయిన పెంబర్టన్ దొర ఒకడు. వాళ్ళ దేశంలో వీళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయట. ఇక్కడ మాత్రం సంతోషమ్మ పెట్టిన పేర్లే చెల్లుబాటు. గుర్రం దొర, గొలుసు దొర, బేది దొర, కోర్టు దొర.

వీళ్ళందరిలోకీ బేది దొరకు పలుకుబడి ఎక్కువ. బిడ్డలకు కడుపు చెడితే ఆ వీధి ఆడవాళ్ళు లోటాతో మజ్జిగ తెచ్చి ఆయన తలవైపు పోసిపోతారు. పోయనిస్తుంది సంతోషమ్మ. కాకపోతే లోటాలో సగం తన గిన్నెలో వొంపించుకుంటుంది. దొరకు అంత మజ్జిగ పడదని ఆమె వాదన.

పంతొమ్మిదివందల డెబ్భై తొమ్మిది, అక్టోబరు ఆఖరి సోమవారం. సమాధుల పండుగకు ఇంకా నాలుగు రోజులున్నాయి. సంతోషమ్మ తొట్లో గుల్లసున్నం నానేసి, చిటికెడు నీలిమందు కలిపి, కిత్తనార కుంచెను రాతి మీద కొట్టి మెత్తన చేస్తూ ఉండగా చర్చి కమిటీ సెక్రటరీ జయరావు సైకిలు దిగాడు. ఆయన కలెక్టరాఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయి ఆరేళ్ళయింది కానీ ఫైలు మాత్రం ఇంకా చంకలోంచి దిగలేదు. మాటా అంతే, ప్రతి మాట కిందా సంతకం పెట్టినట్టుంటుంది.

"సున్నం ఆపు. ఈ సంవత్సరం పూత లేదు" అన్నాడు.

"పండగకి పూత లేకుండా ఎట్ల సార్? మురికి గుడ్డలతో కూసోబెట్టినట్టు ఉండదూ?"

"ఇంగ్లండు నుంచి లేఖ వచ్చింది. పెంబర్టన్ జడ్జిగారి వంశస్థురాలు శుక్రవారం పదకొండు గంటలకు విచ్చేస్తున్నారు. రాళ్ళ మీద రాతలు చదివి ఫొటోలు తీసుకుంటారట. జడ్జిగారిదీ, పక్కనున్న దొరసానిగారిదీ, రెండు రాళ్ళకూ సున్నం గీకి అక్షరాలు కనబడేట్టు చెయ్యాలి."

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఈ తోటలో సున్నం పూయడానికి ఒక పద్ధతి ఉంది. రాయంటే మొత్తం రాయే. అక్షరాల దగ్గర వదిలేస్తే అక్కడ మాత్రం నల్లగా మిగిలి స్నానం చేసి మెడ తోముకోనట్టు ఉంటుందని సంతోషమ్మ అత్త అనేది. ఆమెకు ఆమె అత్త చెప్పింది. ఏటా ఒక పూత చొప్పున నూట ముప్ఫై పైచిలుకు పూతలు పడి, ఏ రాయి మీద ఏముందో కనుక్కోవడం దేవుడి వల్ల కూడా కాని స్థితికి వచ్చింది. కమిటీలో ఒక పాత జాబితా ఉంది కానీ అందులో సగం చెద తినగా మిగతా సగం ఊహ. జడ్జి దొర పక్కన అంత పెద్ద రాయి ఉందంటే అది ఆయన భార్యది కాక ఇంకెవరిది అని జయరావుకు ముందున్న సెక్రటరీ రాశాడు. జయరావు దానికొక రేకు బోర్డు రాయించి పాతించాడు. ఇరవై ఏళ్ళుగా పండుగనాడు ఆ రెండు సమాధులకూ తన చేత్తోనే దండ వేస్తున్నాడు. దొరసాని దగ్గర ఒక అర నిమిషం ఎక్కువే తల వంచుకుంటాడు.

సంతోషమ్మ కుంచె పక్కన పెట్టి లేచింది. చాలా రోజులుగా నోట్లో నానుతున్న మాట ఇవ్వాళ అనేయాలనుకుంది. అడగనిదే అమ్మైనా పెట్టదు.

"సార్, నాకు ఈడ ఒగ జాగా కావాల."

"గది ఉంది కదా నీకు?"

"గది కాదు సార్. పండుకునేదానికి. ఇంగ లేచే పని లేకుండా."

జయరావుకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన సైకిలు స్టాండు ఒకసారి తీసి మళ్ళీ వేశాడు.

"ఇప్పుడెందుకా మాటలు? రాయిలా ఉన్నావు."

"రాయి మాదిరి ఉండంగానే అడగాల సార్. పోయినాక నోరెట్ల వస్తాది? మా ఆయన మునెయ్యని మనోళ్ళ కొత్త సమాధుల తోటలో పెట్టినారు గదా. ఆడ జాగా ఇరుకని నాలుగేండ్లకే ఆ గుంతని మళ్ళా తవ్వి, మింద ఇంగొగాయప్పని పెట్టినారు. పోయిన వారం పూలెత్తుకోని పోతే సిలువ మింద ఎవురిదో పేరు. రైల్వే ఆయప్పంట. మంచోడే అయ్యుంటాడు. అయినా ముక్కూ మొగం తెలీనోడు పైన పండుకోనుంటే మా ఆయనకి నిద్ర పడతాదా? ఆ పూలు యాడ పెట్టేదో తెలీక మళ్ళా ఇంటికి ఎత్తుకొచ్చుకున్యాను."

సంతోషమ్మ గోడ లోపలి ఖాళీ జాగా వైపు చెయ్యి చూపించింది.

"ఈడైతే ఎవురూ కదిలించరు. ఇంత జాగా ఊరికే పడుండాది. నలభై ఏండ్లుగా వీళ్ళకి నీళ్ళు పోసి, పూత పూసి, ఆకులూడ్చినాను. వాళ్ళేమీ వద్దనరు సార్. నేను అడిగినాను."

జయరావు చెడ్డవాడు కాదు. రూలు అనే రాటకు కట్టేసుకున్న మనిషి, అంతే. "ఇది విదేశీయులకు మాత్రమే కేటాయించిన స్థలం. ఆ నిబంధన నేను పెట్టింది కాదు, నేను తీసేదీ కాదు. పోనీ నువ్వే చెప్పు, ఈ గోడ లోపల మన మనిషి ఒక్కరున్నారా? ఒక్కరంటే ఒక్కరు ఉంటే నేనే కమిటీలో మాట్లాడతాను" అన్నాడు.

సంతోషమ్మ తోటంతా ఒకసారి కలియజూసింది. చెప్పడానికి ఎవరూ లేరు. జయరావు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దున్నే కోర్టు దొర రాయి పట్టింది. ఇనుము తగిలితే రాయి పెచ్చు లేస్తుంది, అందుకని ఉలి ముట్టుకోలేదు. గోనెసంచులు తడిపి రాయి నిండా కప్పి, గంటకొకసారి నీళ్ళు చల్లుతూ, సున్నం మెత్తబడిన చోట టెంకాయ చిప్ప అంచుతో గీకింది. పూతలు పొరలు పొరలుగా లేచాయి, ఒక్కో పొరా పల్చటి దోసెంత. పైన తన పూతలు, వాటి కింద అత్త పూతలు. ఒకచోట కాస్త పచ్చగా ఉన్న పొర వచ్చింది. తను కాపరానికి వచ్చిన కొత్తలో నీలిమందు దొరక్క అత్త ఏదో ఆకు పసరు కలిపి పూసి పాస్టరు గారితో తిట్లు తిన్నది అదే. సంతోషమ్మ దాన్ని గీకుతూ ఒక్కతే నవ్వుకుంది. బుధవారం మధ్యాహ్నానికి అక్షరాలు తేలాయి. అన్నీ ఇంగ్లీషువి. ఆమెకు అందులో ఒక్కటీ రాదు. చీపురుపుల్లతో సందుల్లో సున్నం తీసి, నీళ్ళతో కడిగి, "లెయ్యి సామీ, మీవోళ్ళు వస్తాండారంట" అని చెప్పి పక్కకు జరిగింది.

ఆ రాత్రి వాన పడింది. గురువారం పొద్దుటికి దొరసాని రాయి మీద సున్నం పాలమీగడలా మెత్తబడి ఉంది. చిప్పతో ఒక్క లాగు లాగితే జానెడు వెడల్పున ఊడి వచ్చింది. పై వరసలో ఒక అక్షరం బయటపడింది. గుండ్రంగా ఉంది.

సంతోషమ్మ చిప్ప ఆపింది. ఇంగ్లీషు అక్షరాలు కర్రలు పాతినట్టు నిలువుగా ఉంటాయని నిన్నంతా గీకి తెలుసుకుంది. ఇది అలా లేదు. వేలితో తుడిచింది. పక్కన ఇంకొకటి, ఇంకొకటి. చిన్నప్పుడు మిషనువాళ్ళు బైబిలు చదవడానికని నేర్పిన చదువే ఆమెది. వాక్యం తర్వాత వాక్యం వేలు పెట్టి చదివే అలవాటు. అలాగే మోకాళ్ళ మీద కూర్చుని, తుడుచుకుంటూ, కూడబలుక్కుంటూ చదివింది. కొన్ని ఒత్తులు పాతకాలం పద్ధతిలో ఉన్నాయి కానీ భాష తెలుగే.

"ఐరాల అక్కమ్మ. పెంబర్టన్ దొరగారి ముగ్గురు బిడ్డలను పెంచిన ఆయా. ఆ బిడ్డలు సీమనుండి కోరినందున ఈ రాయి వేయబడినది. 1846. ఈమెను ఇచ్చటనుండి ఎవరును కదిలింపరాదు."

మొదట ఆమెకు నవ్వొచ్చింది. ఐరాల అక్కమ్మకు ఇరవై ఏళ్ళుగా హెడ్ క్లర్కు దండ వేసి తల వంచడం కళ్ళకు కట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వింది. తర్వాత చివరి వాక్యం ఇంకోసారి చదివింది. ఎవరును కదిలింపరాదు. ఎవరో బిడ్డలు, ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని, తమకు అన్నం పెట్టిన మనిషిని కదిలించవద్దని రాసి పంపారు. మునెయ్యకు అలా రాసేవాళ్ళు లేకపోయారు. ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. అడ్డుకోలేదు. ఆ రాయి మీద చెయ్యి ఆనించి తృప్తిగా ఏడ్చి, మొహం కడుక్కుని, మిగిలిన సున్నం గీకడానికి కూర్చుంది.

సాయంత్రం జయరావు వచ్చాడు. ఆయన ఇప్పుడు చూస్తే ఏం చేస్తాడో సంతోషమ్మకు తెలుసు. పరువు పోతుందని దానికి మళ్ళీ సున్నం కొట్టమంటాడు, రాత్రికి రాత్రే కొట్టమంటాడు.

"దొరసానిగారిది పూర్తయిందా?"

"అయింది సార్. మళ్ళా బురద చిందుతాదని గోనె కప్పినాను."

"ఒకసారి చూస్తాను."

"చూడండి సార్. మోకాటి దాకా దిగబడతాది. చెప్పులు ఈడ ఇడిసి రాండి."

జయరావు బురద వైపు చూశాడు, ఇస్త్రీ ప్యాంటు వైపు చూశాడు. "సరేలే, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి కదా?" అన్నాడు.

"చంటిబిడ్డయినా సదువుతాది సార్" అంది సంతోషమ్మ. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

శుక్రవారం పదకొండింటికి మిస్ పెంబర్టన్ కారు దిగింది. అరవై దాటిన మనిషి, తాటిచెట్టంత పొడుగు, తలమీద గడ్డి టోపీ, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు. ఇంగ్లండులో ఏదో పల్లెటూరి బడిలో టీచరమ్మగా చేసిందట. మాటలు అటూ ఇటూ అందించడానికి ఆడపిల్లల హైస్కూల్లో హెడ్ మిస్ట్రెస్ చేసి రిటైరయిన చంద్రకాంతమ్మను పిలిపించారు. కమిటీ పెద్దలు, పండుగకు వచ్చిన కుటుంబాలు, గోడ మీద సగం వీధి. బేది దొరకు మజ్జిగ పోయడానికి వచ్చినామె లోటా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

జడ్జి దొర రాయి దగ్గర మిస్ పెంబర్టన్ టోపీ తీసి, రాతంతా వేలు పెట్టి చదివింది. ఫొటోలు తీసుకుంది. సంతోషమ్మ వైపు తిరిగి ఏదో అంది. "ఇంత శుభ్రంగా ఎవరు చేశారు అని అడుగుతోంది" అంది చంద్రకాంతమ్మ. సంతోషమ్మ రెండు చేతులూ చూపించింది. సున్నానికి వేళ్ళన్నీ పగిలి ఉన్నాయి. మిస్ పెంబర్టన్ ఆ చేతులు పట్టుకుని కాసేపు వదల్లేదు.

జయరావు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఇంగ్లీషులో ఉపన్యాసం రాసుకొచ్చాడు. అది జడ్జిగారి న్యాయబుద్ధితో మొదలై, మెల్లగా పక్క సమాధి దగ్గరికి వచ్చి, భర్తతో పాటు ఈ మండే ఎండల్లో కష్టసుఖాలు పంచుకుని ఆయన పక్కనే శాశ్వత నిద్రలో ఉన్న ధన్యురాలైన ఆయన అర్ధాంగి దగ్గర ఆగింది. చామంతి దండ చేతిలోకి తీసుకున్నాడు.

మిస్ పెంబర్టన్ అయోమయంగా చంద్రకాంతమ్మ వైపు చూసి ఏదో చెప్పింది. చంద్రకాంతమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "జయరావు గారూ, జడ్జిగారి భార్య ఆయన పోగానే బిడ్డలతో ఇంగ్లండుకు వెళ్ళిపోయి ఎనభై రెండేళ్ళు బతికిందట. సమాధి వాళ్ళ ఊరి చర్చి దగ్గర ఉందట. ఈమె ప్రతి ఆదివారం చూస్తుందట."

జయరావు చిరునవ్వు నవ్వాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న నవ్వు. "మా రికార్డు ప్రకారం..." అని ఇంకా ఏదో అనబోయేలోపే సంతోషమ్మ వంగి గోనె తీసేసింది.

జయరావు చదివాడు. కమిటీ పెద్దలు ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగిచూశారు. బడిలో పాఠం చెప్పిన గొంతుతో చంద్రకాంతమ్మే బయటికి చదివింది. ఐరాల పేరు రాగానే గోడ మీద ఎవరో "మా ఊరే" అన్నారు. కదిలింపరాదు అన్న వాక్యం ఆమె రెండుసార్లు చదివింది.

తర్వాత చంద్రకాంతమ్మ అదంతా ఇంగ్లీషులో చెప్పింది. మిస్ పెంబర్టన్ వింటూ వింటూ ఆ బురదలోనే చతికిలబడి కూర్చుంది. కాసేపటికి నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడింది. చంద్రకాంతమ్మ ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది.

"ఆ ముగ్గురు బిడ్డల్లో చిన్నవాడు వీళ్ళ తాతట. పెద్ద పదవులు చేశాడట. ఇంట్లో ఎవరూ లేరనుకున్నప్పుడు ఆయన వంటింట్లో నిలబడి, చేత్తో అన్నం కలుపుకుని ముద్దలు చేసుకుని తినేవాడట. ఎనభై ఏళ్ళప్పుడు కూడా. ఎవరు నేర్పారని అడిగితే చెప్పేవాడు కాదట. ఇప్పుడు తెలిసింది అంటోంది."

జయరావు దండ పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. వేయాలో వద్దో తేల్చే రూలు ఏదీ ఆయనకు తోచలేదు. ఆయన్ని చూస్తే సంతోషమ్మకు జాలేసింది.

"ఎయ్యండి సార్. ఇన్నేండ్లూ ఏసింది ఈయమ్మకే గదా. ఎట్లానూ అలవాటయిపోయుంటాది" అంది.

గోడ మీద వాళ్ళు నవ్వారు. మిస్ పెంబర్టన్ కూడా, అర్థం కాకుండానే నవ్వింది. జయరావు దండ వేశాడు. అలవాటు ప్రకారం తల వంచాడు. ఈసారి అర నిమిషం కంటే ఎక్కువే వంచాడు.

ఆయన తల ఎత్తేదాకా ఆగి సంతోషమ్మ అడిగింది. "సార్, మన మనిషి ఒక్కరుంటే కమిటీలో మాట్లాడతానన్నారు."

కమిటీ పెద్దలంతా ఆయన మొహం చూశారు. జయరావుకు ఎన్ని లోట్లయినా ఉండవచ్చు, ఆడిన మాట లేదనే మనిషి మాత్రం కాదు.

"అన్నాను. ఆదివారం పెడతాను" అన్నాడు.

మంగళవారం సాయంత్రం సంతోషమ్మ ఆకులూడుస్తుంటే సైకిలు బెల్లు వినిపించింది. జయరావు ఫైలు విప్పి ఒక కాగితం ఇచ్చాడు. తీర్మానం. ఆమె దాన్ని తిన్నె మీద పరిచి, వేలు పెట్టి చివరిదాకా చదివింది. దొరల తోటలో అక్కమ్మ గారి పక్కన ఆరడుగుల స్థలం సంతోషమ్మకు కేటాయించడమైనదని ఉంది. దాని కింద, వేరే సిరాతో, జయరావు చేతిరాతతో ఇంకొక వాక్యం ఉంది. ఎట్టి పరిస్థితులలోనూ ఆమెను కదిలింపరాదు.

"ఇది కమిటీ రాయమనిందా సార్?"

"లేదు. అది... నేనే చేర్చాను."

సంతోషమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచుకుని వచ్చింది. జయరావు వెళ్ళలేదు. సైకిలు సీటు మీద లేని దుమ్ము తుడిచాడు. గుర్రం దొర దాకా నడిచి వెనక్కి వచ్చాడు. కానుగ చెట్లు లెక్కపెట్టాడు.

"సంతోషమ్మా, మొన్న నువ్వు చెప్పావే, ఆ కొత్త తోట సంగతి. నిన్న పోయి చూసొచ్చాను. నిజమే. ఒకరి మింద ఒకరు."

"అవును సార్."

"ఇప్పుడు మన వాళ్ళకు కూడా ఇక్కడ ఇవ్వవచ్చని తేలింది కదా. అందుకని... ఇద్దరికి ఎక్కడైనా పడుతుందేమోనని. నాకూ, మా ఇంటామెకూ."

"అమ్మగారికి చెప్పినారా?"

"లేదు. జాగా చూశాక చెబుదామని."

సంతోషమ్మ నవ్వు ఆపుకుని గదిలోంచి గడ్డపార తెచ్చింది. ఈ నేల కింద ఎక్కడ బండ ఉందో, ఎక్కడ మెత్తనో, ఎక్కడ రాయి లేని పాత సమాధులున్నాయో కమిటీ జాబితాలో లేదు, ఆమె అరికాళ్ళకు తెలుసు. కోర్టు దొర తలవైపు రెండుచోట్ల పొడిచింది. ఒకచోట గడ్డపార లోతుకు దిగింది, రెండోచోట అడుగు దిగి ఆగిపోయింది.

"ఈడ ఒగరికి పడతాది సార్. రెండోవాళ్ళకి బండ అడ్డం. అమ్మగారిని కొంచిం ఎడంగా పెట్టాల." ఇంకో నాలుగడుగులు నడిచి తన జాగాకు అవతల పొడిచింది. గడ్డపార జానెడు జానెడు చొప్పున మెత్తగా దిగిపోయింది. "ఈడైతే ఇద్దరూ సుఖంగా పండుకోవచ్చు. చెప్పండి సార్, మీకు దొర తావ కావాల్నా, మా తావ కావాల్నా?"

జయరావు జడ్జిగారి రాయి వైపు చూశాడు. కడిగిన నల్లరాతి మీద ఇంగ్లీషు అక్షరాలు ఎండకు మెరుస్తున్నాయి. ఉద్యోగం చేసిన ముప్ఫై నాలుగేళ్ళూ అలాంటి వాళ్ళు వదిలిపోయిన కుర్చీల ముందే ఆయన నిలబడ్డాడు. తర్వాత అక్కమ్మ వైపు చూశాడు. శుక్రవారం వేసిన దండ వాడిపోయి ఇంకా అక్కడే ఉంది.

"మీ తావనే సూడమ్మా," అన్నాడు. "ఆడైతే మాటకి మనుసులుంటారు."

సంతోషమ్మ గడ్డపార ఆయన చేతికిచ్చి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, అడుగులో అడుగు వేసి కొలవడం మొదలుపెట్టింది.